వెనక్కి వచ్చిన పల్లీల వెంట: అయిజ నుంచి నాగర్‌కర్నూల్ దాకా

నేను ఊరికే ఊళ్ళు తిరిగేవాణ్ణి కాను. ఎవరైనా నన్నొక మాట అంటే, అది ఎక్కడ పుట్టిందో కనుక్కునేదాకా తిరుగుతాను. ఈ ప్రయాణం కూడా అట్లా మొదలైందే.

కిందటేడు మా ఊరి పల్లీలను గద్వాల ఏజెంటు కొని, విదేశాలకు పంపే కంపెనీకి ఇచ్చాడు. ఓడెక్కిన సరుకు యూరప్ రేవులో పరీక్షకు ఆగింది. బూజు విషం ఉందని తేలి వెనక్కి వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు ఏజెంటు రైతులందరి ముందర, "అయిజ దిక్కు పల్లి పల్లి గాదు, విషం. ఈసారి ఆ దిక్కు బండి నా వాకిట్లకు రావద్దు" అన్నాడు. అందరికీ చాయ్ పోయించి, నా దగ్గరకు వచ్చేసరికి కెటిల్ వెనక్కి తిప్పించాడు. చాయ్ సంగతి చిన్నదని మా ఆవిడ అంటుంది. నాకు చిన్నది కాదు.

మా ఊరు అయిజకు ఆవల, రాయచూరు హద్దు దగ్గర. బోరున్న ప్రతి ఇల్లూ యాసంగిలో పల్లే వేస్తుంది. ఈసారి పంట ఇంకో మూడు వారాల్లో పీకాలి. ఏజెంటు కొనకపోతే నూనె మిల్లువాళ్ళు ఇచ్చిందే ధర. అందుకే కిందటేటి పల్లికాయ అర గోనె మిగిలి ఉంటే కట్టుకుని బయలుదేరాను. అది వెనక్కి వచ్చిన సరుకుకు తోబుట్టువే. ఒకే చేను, ఒకే కళ్ళం.

మొదటి రోజు

అయిజలో ఆరు గంటలకు మొదటి బస్సు. కండక్టరు గోనెకు లగేజీ టికెట్టు కొట్టాడు. పక్కాయన కోళ్ళ గంపకు కొట్టలేదు. అడిగితే, "కోళ్ళు ఒళ్ళె పెట్టుకున్నడు సారూ, నువ్వు గూడ పెట్టుకో" అన్నాడు. గద్వాల దాకా గోనె ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. టికెట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పక్కన కోళ్ళాయన రాయచూరు వైపు మనిషి. నా కథంతా విని, "హౌదు, మా తాన మిర్చికి గిట్లనే అయింది. రంగు కలిసిందని ఆడ ఆపిండ్రు. ఒక్కడు కలిపిండు, అందరం మునిగినం" అన్నాడు. ఇక తనకు ఏదీ ఎక్కడా అమ్ముకోవాలని లేదట. కోళ్ళను చుట్టాలింటికి తీసుకుపోతున్నాడు.

ఏడుంబావుకు గద్వాల చేరాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం రెండోసారి అడిగితే నీళ్ళు కలిపి పోస్తారు. ఎనిమిదింటికి ఏజెంటు ఉండే మార్కెట్ యార్డుకు పోయాను. ఏజెంటు నన్ను చూడగానే గుమాస్తాతో, "కంప్లైంటు నర్సన్న వచ్చిండు, కుర్చీ దాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిలబడే మాట్లాడాను.

"మా చేన్ల తప్పున్నదని ఎట్ల చెప్తవు సేటూ? మా పల్లి మా ఊర్ల నుంచి పోయినప్పుడు బాగ ఎండి గలగలలాడింది."

"నాకేం తెల్సు నర్సన్నా? నీది, ఇటిక్యాలోళ్ళది, ఇంకా ఎవరెవరిదో వనపర్తి మిల్లుల ఒక్కతానే ఒలిపించినం. ఆడికి పోయి అడుగు. నన్ను మాత్రం పరేషాన్ చెయ్యకు."

అన్నీ ఒక్కచోటే ఒలిపించి, విషం మాత్రం మా ఊరిదని తేల్చాడు! ఆ ప్రశ్న అక్కడే అడిగాను. గుమాస్తా ఫోను మోగిందని లోపలికి పోయాడు, ఏజెంటుకు కూడా ఏదో పని గుర్తుకొచ్చింది.

తొమ్మిదిన్నరకు వనపర్తి బస్సు. ఎర్రవల్లి చౌరస్తా దాకా గుంతలు, ఆ తర్వాత పెద్ద రోడ్డు. బీచుపల్లి వంతెన మీద బస్సు నెమ్మదించగానే అందరూ కృష్ణలోకి చిల్లర విసిరారు. నీళ్ళు సన్నగా, రాళ్ళ మధ్య పారుతున్నాయి. పెబ్బేరులో బస్సు ఆగినప్పుడు కిటికీ దగ్గరకు వచ్చిన పల్లీపట్టీ ఒకటి కొనుక్కుని తిన్నాను. బెల్లం బాగుంది, పల్లీలు కొంచెం చేదు తగిలాయి. అమ్మినవాడికి ఆ మాట చెప్పాను. "ఒక్క గింజ చేదైతే ఇంత లొల్లా పెద్దాయనా?" అన్నాడు.

వనపర్తిలో దిగేసరికి పదకొండున్నర దాటింది. బస్టాండుకు దగ్గరలోనే లాడ్జి దొరికింది. రెండో అంతస్తు గదే తీసుకోండి, కింద గదుల్లోకి వంటింటి పొగ వస్తుంది. జొన్నరొట్టె, పుంటికూర తిని, సాయంత్రం పూట మిల్లుకు పోయాను.

మిల్లు ఖాజా అనే ఆయనది. నలభై ఏళ్ళుంటాయి, గట్టిగా మాట్లాడతాడు, మనసులో ఏమీ దాచుకోడు. నేను పోయేసరికి ఆవరణలో పల్లికాయ పెద్ద కుప్పగా పోసి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి, నారు పోసే ముందు మొలకకట్టే వడ్ల మీద చల్లినట్టు కుప్ప మీద చల్లుతున్నారు. మరొకామె వెనకాలే టార్పాలిన్ కప్పుతూ వస్తోంది.

"ఇదేందన్నా?" అన్నాను.

"రేపు పొద్దుగాల ఒలిపించాలె గద. ఇయ్యాల నీళ్ళు కొట్టి కప్పిపెడ్తం. పొట్టు మెత్తవడ్తది, గింజ సాఫుగ వస్తది."

"ఎండిన పల్లికి నీళ్ళు కొడితే బూజు పట్టదా?"

"అరె అన్నా, ఎండుగ ఒలిపిస్తే గింజ చెక్కలైతది. చెక్క గింజ ఎవడు కొంటడు? మీ సేటే ఫోన్ల మొత్తుకుంటడు, ఖాజా, గింజ గుండుగ రావాలె, గుండుగ రావాలె అని. ఆ ఫారినోళ్ళకు గింజ పగలొద్దు, బూజు పట్టొద్దు. రెండూ ఎట్లయితయ్? నువ్వే చెప్పు."

చుట్టుపక్కల మిల్లులన్నీ ఇట్లాగే చేస్తాయట. ఆయన తండ్రీ ఇట్లాగే చేశాడు. తెల్లారి గింజను అరగంట గాలికి ఆరబోసి, గోనెల్లో కుట్టి లారీకెత్తుతారు. ఆ తడి గింజ రేవుకు పోయి, ఇనుప పెట్టెలో మూతపడి, వారాల తరబడి సముద్రం మీద ఉడుకుతుంది. మా కళ్ళం మీద గలగలలాడిన పల్లికి ఆ గతి పట్టించి, నన్ను నలుగురిలో నిలబెట్టారు.

ఒలిచి, లారీ రాక వారంగా గోనెలో ఉన్న తడిగింజ గుప్పెడు అడిగి కాగితంలో కట్టుకున్నాను. పోతూ పోతూ, వెనక్కి వచ్చిన సరుకు ఏమైందని అడిగాను.

"అది ఎప్పుడో ఖతం. పట్టీలు చేసెటోళ్ళు కొంత, బజ్జీల బండ్లోళ్ళు కొంత తీస్కపోయిండ్రు. ఈడ ఎవడు చూస్తడన్నా?"

పెబ్బేరు పట్టీ నాలుక మీదికి మళ్ళీ వచ్చింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

రెండో రోజు

ఏడు గంటలకు నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. బిజినేపల్లి దాటే దారంతా ఎర్ర చెలకలు, అక్కడక్కడ పచ్చగా పల్లి చేన్లు. ఈ దారిలోనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఒకటి ఉంది. డ్రైవరుకు ముందే చెప్తే గేటు దగ్గర ఆపుతాడు. నాకు ఆపలేదు. కిలోమీటరు దాటాక ఆపి, "నడిస్తే ఆరోగ్యం పెద్దాయనా" అన్నాడు. గోనె భుజాన వేసుకుని వెనక్కి నడిచాను.

పల్లి బూజు మీద పనిచేసే శాస్త్రవేత్త సుజాత గారు. వయసు తక్కువే అయినా తొందరపడి మాట్లాడరు. నేను వచ్చిన పని చెప్పగానే, "ముందు కూర్చోండి, తర్వాత పోట్లాడండి" అన్నారు. రెండు రోజుల్లో నన్ను కూర్చోమన్నది ఆమే.

నా కాయలోంచి కొంత ఒలిపించారు, మిల్లు గింజను వేరే పెట్టారు. రెండిటినీ విడివిడిగా పిండి చేసి మందులో కలపడానికి ఇచ్చారు. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి చేస్తున్న పనిలో ఈ పరీక్ష సామాను వచ్చిందట. "అక్కడ చేసినా ఇక్కడ చేసినా పద్ధతి ఒకటే. లేకపోతే మన లెక్క వాళ్ళు నమ్మరు, వాళ్ళ లెక్క మనం నమ్మం" అన్నారు. ఫలితం మూడింటికి వస్తుందన్నారు.

ఈలోపు ఆటోలో నాగర్‌కర్నూల్ పోయి భోజనం చేశాను. పప్పు, వంకాయ, పెరుగు, అన్నీ వేడిగా పెట్టారు. ఎక్కడ ఏ లోపముందో అని చూశాను, కనిపించలేదు.

మూడింటికి ఆమె పరీక్షకు వాడిన రెండు చిన్న కాగితపు పట్టీలు బల్ల మీద పెట్టి చూపించారు. నా కాయలో విషం లేదు. మిల్లు గింజలో ఉంది.

"కాగితం మీద రాసివ్వండి. గద్వాల యార్డులో అంటిస్తా" అన్నాను.

"రాసివ్వలేనండి. మీరు చేత్తో తెచ్చిన గోనెకు నేను రాసిస్తే దానికి విలువ లేదు. వెయ్యి గింజలు బాగుండి ఒక్కటి చెడితే చాలు. అందుకే ప్రతి గోనెలోంచీ, పైనుంచీ అడుగునుంచీ తీసి కలపాలి. అది యూరప్ వాళ్ళ నిబంధన. నిజానికి మంచి నిబంధనే."

నాకు కోపం వచ్చింది. ఎక్కడో కూర్చుని మన పల్లీలకు నిబంధన పెట్టడానికి వాళ్ళెవరని అడిగాను. ఆమె విసుక్కోలేదు.

"పాతికకు పైగా దేశాలు ఒక సంఘంగా కూర్చుని ఒకే హద్దు పెట్టుకున్నాయి. ఒక రేవులో సరుకు ఆగితే ఆ కబురు అన్ని దేశాలకూ పోతుంది. తర్వాత వచ్చే మన గోనెలన్నిటినీ అనుమానంగానే చూస్తారు. మీ ఏజెంటు భయమదే. నేరుగా తినే పల్లీలు వెయ్యి టన్నులుంటే, అందులో ఈ విషం నాలుగు గ్రాములు మించకూడదు."

"మరి మన దగ్గర?"

"పది దాకా ఒప్పుకుంటారు."

 ఇంతసేపూ హద్దు పెట్టడానికి వాళ్ళెవరని కొట్లాడుతున్నాను. మన హద్దు ఎంతో అడగాలని ఒక్కసారీ తోచలేదు. ఆ పదైనా పెబ్బేరు బస్సు కిటికీ దగ్గర కొలిచేవాడు లేడు.

పొడిగా ఒలిపించే ఉపాయం ఏదైనా ఉందా అని అడిగాను. జల్లెడ కాయ సైజుకు సరిపోవాలి, డ్రమ్ము నెమ్మదిగా తిరగాలి, కాయ బాగా ఎండాలి అన్నారు. కొన్ని గింజలు పగులుతాయి, వాటిని వేరు చేసుకోవాలి. సాయంత్రం బస్సుకు వనపర్తి తిరిగొచ్చి, అదే లాడ్జిలో అదే గది అడిగి తీసుకున్నాను.

మూడో రోజు

పొద్దున్నే ఖాజా మిల్లుకు పోయాను. పరీక్ష సంగతి చెప్తే గడ్డం గోక్కున్నాడు.

"పొడిగ ఒలిపిస్తే చెక్కలైతయన్నా."

"అయితే అయితయ్. నా కాయనే ఉంది గద, ఒక్కసారి పోసి చూడు."

"చెక్కలైతే నన్ను తిట్టొద్దు. నీ నోరు మంచిది గాదని గద్వాల దాకా తెల్సు."

జల్లెడ మార్చాడు. బెల్టు పెద్ద చక్రానికి ఎక్కించి మిషను వేగం తగ్గించాడు. నీటి చుక్క తగలని నా కాయ మిషనులో పడింది. శబ్దం ముందరికంటే మోటుగా వచ్చింది. ఇద్దరం జల్లెడ కింద చేతులు పెట్టి చూశాం. పగిలినవి ఉన్నాయి, గుండుగా వచ్చినవే ఎక్కువ. ఖాజా నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "అంత ఖరాబేం గాలే" అన్నాడు. అట్లా ఒలిపిస్తే పని ఆలస్యమవుతుందని, కూలి కొంచెం ఎక్కువ తీసుకుంటానని అన్నాడు. సరేనన్నాను.

రెండింటికి గద్వాల యార్డు చేరాను. ఆ గింజలు ఏజెంటు బల్ల మీద పోసి, మిల్లులో చూసింది, పరిశోధన కేంద్రంలో తేలింది, అన్నీ చెప్పాను. యార్డులో వాళ్ళందరికీ వినిపించేట్టే చెప్పాను. ఆయన గింజలను అటూ ఇటూ కదిపాడు.

"గుండుగనే ఉన్నయ్. మరి గోనెకు గోనె తీసి పరీక్ష చేపిస్తే ఫెయిలైతే?"

"మా ఊరి గోనెలు వేరుగ పెట్టు, వేరుగ ఒలిపియ్. నా ముందర తియ్యాలె. ఫెయిలైతే, మా పల్లి విషమని ఈ యార్డుల మైకు పట్టుకుని నేనే చెప్త. పాసైతే మైకు నువ్వు పట్టుకోవాలె."

"నీతోని తగువు వెట్టుకునుడు నాదే బుద్ధి తక్కువ" అని, పంట ఎప్పుడు పీకుతారో అడిగాడు. అడిగాడంటే కొంటాడన్నమాట. ఇక్కడి పట్టీల దుకాణాలకు పోయే సరుకు సంగతీ ఎత్తాను. అది తన పని కాదన్నాడు. దాని మీద ఎవరికి రాయాలో నాకు తెలుసు. రాస్తున్నాను.

నాలుగు గంటల అయిజ బస్సులో మా ఊరి ఎంకటమ్మ కలిసింది. యార్డులో ఏరుడు పనికి వస్తుంది. ఒళ్ళో సంచి ఉంది. ఏజెంటు మా పంట తీసుకుంటాడని చెప్పగానే నిజంగానే కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఎకరంన్నర పల్లి ఉంది.

"సంచిల ఏంది ఎంకటమ్మా?"

"ఏరిపడేసిన పల్లీలు పటేలా. పాడేస్తమంటే తెచ్చుకున్న. పిల్లగాండ్లకు కారంల దంచుత."

సంచి విప్పించాను. నల్లబడ్డవి, ముడతపడ్డవి, పచ్చ నూగు పట్టినవి. మా ఇంట్లోనూ ఇంతే. నికార్సయినవి గోనెల్లోకి, తాలు గింజలు వంటింట్లోకి. ఏ ఇంట్లో అడిగినా ఇదే చెప్తారు.

"ఇవి తినొద్దు. ఓడెక్కిన సరుకు వెనక్కొచ్చింది గిసొంటి వాటితోనే."

"మంచియి అమ్ముకునుడు, తాలుయి తినుడు మనకు ఎప్పటి నుంచో ఉన్నదే గద. మాకేమైంది ఇన్నొద్దులు?"

"ఏమైందో ఎవడు చూసిండు?"

 సంచి నా ఒళ్ళోకి లాక్కుని, నల్లవి ఏరి కిటికీ బయటకు విసరడం మొదలుపెట్టాను. కాసేపు తిట్టింది. "నీ ఇంట్లయి పారేస్కో, నా సంచి నీకెందుకు" అంది. తర్వాత తనూ ఏరింది, నాకంటే వేగంగా, నేను వదిలేసినవి కూడా పట్టుకుంటూ. ఏరుడు ఆమె పనే కదా. ముందు సీట్లో కూర్చున్నాయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, తన సంచిలోని పల్లీల పొట్లం విప్పి తనూ వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

అయిజ వచ్చేసరికి సంచిలో సగం కూడా మిగల్లేదు. మిగిలినవి మాత్రం ఏ రేవులోనైనా దిగేవి. ఎంకటమ్మ సంచి మూతి కట్టి నెత్తిన పెట్టుకుని, "రేపు నీ ఇంట్లయి గూడ ఏరనీకె వస్త, ఇంట్ల చెప్పి పెట్టు" అంటూ నాకంటే ముందు దిగింది.