అమ్ముడుపోని నెయ్యి

బేరమాడడంలో భిలాయిలో నన్ను మించినవాడు లేడు. వైద్యుడి దగ్గర ఫీజు తగ్గించినవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఏకంగా వైద్యుణ్ణే తీసేశాను. ఆయన చెప్పిన చికిత్స ఉచితంగా విని వచ్చి, ఇంట్లో, మా కొట్టు సరుకుతో, మా అమ్మ కళ్ళకు నేనే చేశాను.

మాది సెక్టర్ 6 బజారులో కిరాణా కొట్టు. శ్రీకాకుళం నుంచి అందరూ ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనికి వస్తే, మా తాత ఆ పనివాళ్ళకు చింతపండు అమ్మడానికి వచ్చాడు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మంచి సరుకు గిరాకీకి, అమ్ముడుపోనిది వంటింటికి. పురుగు పట్టిన కందిపప్పు, చిరిగిన ప్యాకెట్లలోని రవ్వ తిని పెరిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ధైర్యం నాకు బాగా ఎక్కువ.

అమ్మకు కళ్ళు పొడిబారి, ఇసక పోసినట్టు గరగరలాడేవి. కంటి డాక్టరు చుక్కల మందు రాసి, ఎప్పటికీ వేసుకుంటూనే ఉండాలన్నాడు. ఎప్పటికీ కొనాల్సిన వస్తువంటే నాకు గిట్టదు. వైశాలి నగర్‌లో ఉన్న ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. కంటి చుట్టూ మినప్పిండి ముద్దతో గట్టు కట్టి, మూలికలు వేసి కాచిన నెయ్యి గోరువెచ్చగా పోస్తారట. దాన్ని తర్పణం అంటారని చెప్పాడు. ముందు కంటి డాక్టరు చూసి, లోపల పుండు లేదనాలి. నెయ్యి పరిశుభ్రంగా ఉండాలి. ఇంట్లో చేయకూడదు. ఇవన్నీ ధర నిలబెట్టుకోవడానికి చెప్పే మాటలనుకున్నాను, నేనూ చెప్తాను కనుక. తగ్గించమంటే తగ్గించలేదు. వెనక్కి పిలుస్తాడని లేచి గుమ్మం దాకా వచ్చాను. పిలవలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో మినప్పిండి కలిపించాను. కొత్త నెయ్యి డబ్బా తియ్యమంది. దానికి గిరాకీ ఉందన్నాను.

"కంట్లో పోసీదిరా నాయనా," అంది అమ్మ. "అదేటి, మూత ఊడిపోయిన డబ్బా కాదేటి?"

"పాత నెయ్యే కంటికి మంచిదంటమ్మా. శాస్త్రంలో ఉందంట."

శాస్త్రంలో చెప్పిన పాత నెయ్యి వేరు, మా కొట్లో మూల పడి ముక్కవాసన కొడుతున్న నెయ్యి వేరు. ఆ తేడా తెలియనివాణ్ణి కాను. సరుకు వాసన చూసి వయసు చెప్పగలను.

అమ్మ కొట్టు వెనక గదిలో చాప మీద పడుకుంది. నెయ్యి పోసి, కళ్ళు తెరిచి మూయమన్నాను. తెరిచింది, మూసింది. మర్నాడు మళ్ళీ పోస్తుంటే, "మండతందిరా," అంది.

"మందు పన్జేస్తే మండదేటి," అన్నాను.

మూడో రోజుకు కుడికన్ను వాచి, చీము కారి, రెప్ప తెరుచుకోకుండా అయిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం పోశామో చెప్పాలి. అందుకని ఇంకో రోజు ఆగాను. ఆ రోజు ఆగకపోతే కొంతయినా చూపు మిగిలేదేమో.

ఆసుపత్రిలో డాక్టరు అడగనే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ తనకు వచ్చిన కాస్త హిందీలో, తానే ఇంట్లో నెయ్యి వేసుకున్నానని చెప్పేసింది. ముసలిదాన్ని, తెలియలేదంది. ఆయన అమ్మను చాలాసేపు తిట్టాడు. ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరా, ఒక మాట అడగకూడదా అన్నాడు. నేను పక్కనే ఫైలు పట్టుకుని నిలబడి, ఆయన మాటలకు తల ఊపాను.

పుండు మానింది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఇప్పుడు అమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే, కుడివైపు నిలబడ్డవాళ్ళను చూడడానికి మెడ పూర్తిగా తిప్పాల్సి వస్తుంది.

ఇక బిల్లు. పొడిబారిన కళ్ళు అమ్మకు ముందే ఉన్నాయి, అవి నా ఖాతాలో వేసుకోను. ఈ ఊరి దుమ్ము నాది కాదు. వైద్యుడి పేర రాయడానికీ ఏమీ లేదు, ఆయన వద్దన్నదే నేను చేశాను. కుడికన్ను నాది. ఆగిన ఆ ఒక్క రోజు నాది. అమ్మ పడిన తిట్లు నావి. కన్నేమైందని గిరాకీలు అడిగితే, వయసు మీద పడింది బాబూ అంటుంది అమ్మ. నేను పొట్లం కడుతూ ఊరుకుంటాను. అదీ నాదే.