కుట్టిన వీలునామా

చిరిగిన కాగితం చేతికొస్తే బైండరమ్మ ఊరుకోలేదు. అదొక జబ్బు. కిరాణా రసీదైనా, మందుల చీటీ అయినా సరే, చిరుగు కనిపించిందా, పల్చటి కాగితం ముక్కకి జిగురు రాసి అతికించి, ఆరేదాకా చూస్తూ కూర్చోవాల్సిందే. ఈ జబ్బు ఆమెకి మేనమామ నుంచి వచ్చింది. పుస్తకాలు బైండింగ్ చేసే తన ఒంటిగది దుకాణంలో చిన్నప్పటినుంచీ పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. చూపు మందగించాక దుకాణమంతా ఆమె చేతిలోనే పెట్టాడు. పోతూ పోతూ దాన్ని ఆమె పేరనే వీలునామా రాసిపోయాడు. ఇల్లు కొడుక్కి, దుకాణం మేనకోడలికి. ఇంతకన్నా తేలికైన పంపకం ఇంకోటి ఉంటుందా? ఉండదనే ఆమె కూడా అనుకుంది, పాపం.

సొరుగులో దొరికిన వీలునామా అధ్వానంగా ఉంది. పై మూల చిరిగింది, పిన్ను ఊడిపోయింది, పేజీలు దేనికది విడిగా ఉన్నాయి. మామయ్య ఆఖరి కాగితాలకి ఈ గతేమిటని ఆమె ప్రాణం ఉసూరుమంది. ఆ సాయంత్రమే కూర్చుని మూల అతికించింది, పేజీలు దారంతో కుట్టింది, ముదురెరుపు గుడ్డతో అట్ట వేసి, పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సులో బిగించింది. మామయ్య ఉంటే కుట్టు లాగి చూసి తలాడించేవాడని మురిసిపోయింది కూడా. మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని వారసత్వం వ్యవహారాలు చూసే ఆఫీసుకి వెళ్ళింది.

కిటికీ వెనకున్న గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటమ్మా, పెళ్ళి ఆల్బమా?" అన్నాడు.

అక్కడ మొదలైంది గ్రహచారం. పిన్ను గుచ్చిన గుర్తుంది, పిన్ను లేదు. మూల చిరిగింది, ఎవరో అతికించారు. మధ్యలో పేజీ మార్చలేదని నమ్మకమేమిటని అడిగారు. నేను బైండర్ని, అందుకే కుట్టానని చెబితే, మా అనుమానమూ అదేనన్నారు. స్కాన్ చెయ్యాలి, విప్పి తెమ్మన్నాడు గుమాస్తా. విప్పితే రెండోసారి కూడా చెయ్యి పెట్టారంటారు, ముట్టుకోవద్దని తల పట్టుకున్నాడు ఆమె పెట్టుకున్న లాయరు. లాయరు మాట గుమాస్తాకి చెబితే, పై అధికారిని అడగమన్నాడు. ఆయన సెలవులో ఉన్నాడు. సెలవయ్యాక తీరిగ్గా వచ్చి, ఇలాంటివి గుమాస్తాకే బాగా తెలుస్తాయమ్మా అన్నాడు. ఇంతమంది ఇన్ని కుర్చీల్లో కూర్చుని ఆమెని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తరమడం తప్ప చేసిందేమీ లేదు.

సాక్షి సంతకాలు చేసిన ఇద్దరిలో ఒకాయన మామయ్యకన్నా ముందే పోయాడు. రెండో ఆయన ముఖం మాడ్చుకుని, సంతకం నాదే, లోపలి పేజీలు నేనెందుకు చూస్తానన్నాడు. ఈలోగా దుకాణం కరెంటు మీటరు చెడిపోయింది. మీటరు ఎవరి పేర ఉందో ఆయన్నే రమ్మన్నారు. ఆయన పోయారండీ అంటే, అయితే ఆయన సంతకంతో ఉత్తరమైనా తెమ్మన్నారు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చనిపోయినవాణ్ణి కూడా వదలని ఆఫీసులు బతికున్నవాళ్ళని వదులుతాయా?

వీలునామా చెల్లకపోతే దుకాణం కూడా కొడుక్కే పోతుందని లాయరు చల్లగా చెప్పాడు. కొడుకంటే ఆమె బావ. టైర్ల షాపు నడుపుతాడు. చెడ్డవాడు కాదు, మాట పెళుసు. జిగురు వాసన పడదని చిన్నప్పటినుంచీ ఆ దుకాణం గడప తొక్కేవాడు కాదు. ఇప్పుడెవరో దాన్ని కొంటామని అతని చుట్టూ తిరుగుతున్నారని తెలిసినప్పటినుంచీ ఆమెకి తిండి సహించడం లేదు. అంత బరువు ఇనప ప్రెస్సు పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. ఆమెకి ఇంకో పని రాదు.

పేజీలు కుట్టకముందు చూసినవాళ్ళెవరైనా వచ్చి చెబితే తప్ప లాభం లేదన్నాడు లాయరు. ఆమె అభిమానం చంపుకుని బావ దగ్గరికి వెళ్ళింది. మామయ్య నీకు చూపించే ఉంటాడు కదా అని అడిగింది. అతను తలెత్తకుండా చేతిలో ఉన్న టైరు తుడుస్తూనే ఉన్నాడు.

"నాకేం తెలీదు. నన్నిందులోకి లాగకు," అన్నాడు.

ఆ తర్వాత ఫోనెత్తడం కూడా మానేశాడు. ఆమె పని చేసుకుంటూ అతన్ని తిట్టుకుంది, వీలునామా సరిగ్గా దాచుకోలేదని మామయ్యని తిట్టుకుంది, పిన్ను కనిపెట్టినవాణ్ణి కూడా వదల్లేదు.

విచారణ ఒక ఇరుకు గదిలో పెట్టారు. ఆమె వెళ్ళేసరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మూల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అభ్యంతరం చెప్పడానికే వచ్చాడనుకుంది. పలకరించకుండా వెళ్ళి కూర్చుంది.

వీలునామా మూల ఎలా చిరిగిందని విచారణ చేసే అధికారి అడిగాడు. తెలియదు, దొరికినప్పుడే చిరిగి ఉందని చెప్పింది.

"కాగితం వల్ల లాభం మీకు. దొరికింది మీకు. అతికించింది మీరు. చించింది కూడా మీరేనని ఎందుకనుకోకూడదు?"

ఇన్నాళ్ళు చెప్పులరిగేలా తిరిగింది దొంగ అనిపించుకోవడానికా? అవమానంతో, కోపంతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చించింది తను కాదు," అన్నాడు బావ వెనకనుంచి. "నేను."

లేచి ముందుకొచ్చాడు. ఆమె వైపు చూడకుండా అధికారికే చెప్పాడు. చదవమని తండ్రే తన చేతికిచ్చాడట. దుకాణం తనకి అక్కర్లేదు, అయినా తనకి లేదని రాసి ఉండటం చూసేసరికి ఒళ్ళు తెలియలేదట. కాగితాలు గుంజి విసిరేస్తే మూల చిరిగి, పిన్ను ఊడి, పేజీలు గదంతా పడ్డాయట. ఆ రోజు చదివింది ఇదే, ఒక్క పేజీ కూడా తగ్గలేదు, మారలేదు అన్నాడు.

ఈ మాటతో దుకాణం మీ చెయ్యి దాటిపోతుంది, తెలుసా అని అడిగాడు అధికారి. తెలుసన్నాడు.

"కిందపడ్డ పేజీలన్నీ మళ్ళీ చేరాయని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

బావ నేలకేసి చూస్తూ చెప్పాడు.

"మా నాన్నకి కళ్ళు సరిగా కనపడవండి. మోకాళ్ళ మీద కూర్చుని, నేలంతా తడుముకుంటూ ఒక్కొక్కటే ఏరుకున్నాడు. ఆఖరిది ఎంతసేపటికీ దొరకలేదు. అది నా కాలి పక్కనే ఉంది. ఆయనకి దొరికేదాకా నేను నిలబడి చూశాను."