వికళలు అరవై దాటవు

మధ్యాహ్నం పన్నెండు దాటాక మా ఆయన ఫోన్ చేశారు. ఆదివారం పూట వికారాబాద్ అడవిలో ఒంటరిగా నడవడం ఆయనకున్న పిచ్చి. చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం కొన్నప్పటి నుంచి ఆ పిచ్చికి పగ్గాల్లేవు.

"జారి పడ్డ. కాలు విరిగినట్టుంది, లేవొస్తలేదు. ఫోన్ల చార్జింగ్ అయిపోతున్నది. జల్దీ రాసుకో," అంటూ యంత్రం మీది అంకెలు చదివారు. చేతికందిన కాగితం సంచి మీద 17 18 540 అని, దాని కింద రేఖాంశం రాసుకున్నాను. అంతలో ఫోన్ ఆగిపోయింది.

సైదాబాద్‌లో ఉండే ఆయన స్నేహితుడు అప్పటికప్పుడు కారు తీశాడు. పదిహేడు డిగ్రీలు, పద్దెనిమిది నిమిషాలు, యాభై నాలుగు సెకన్లు అని చెప్పింది నేనే. ఆఖరి సున్నా ఏమైందని ఎవరైనా అడిగి ఉంటే వాళ్ల మీద విరుచుకుపడేదాన్ని.

నాలుగింటికి అతను ఫోన్ చేశాడు. కిటికీ కింద మాదన్నపేట మార్కెట్ లొల్లిలో సగం మాటలు వినిపించలేదు.

"వదినా, నువ్వు చెప్పిన జాగకే వచ్చినం. ఈడ ఎవ్వరు లేరు. ఊరోళ్లతోని కలిసి మస్తు పిలిచినం. అవతలి లోయ దిక్కు పోతున్నం."

చీకటి పడితే ఆయన్ని ఎవరు వెతుకుతారు?

మామయ్య అంకెలు రాసిన సంచి అందుకున్నారు. మా ఆయన తండ్రి, మా వీధి గుళ్లో పూజారి, జాతకాలు వేస్తారు. వేళ్ల మీద గ్రహాల లెక్కలు కడుతుంటే చాటుగా నవ్వుకునేదాన్ని.

"ఏంది బిడ్డా ఇది? భాగలు పదిహేడు, కళలు పద్దెనిమిది, సరే. వికళలు ఐదొందల నలభై ఎట్లుంటయి? అరవై అయితే ఇంకో కళ అయితది గద."

"అవి సెకన్లు మామయ్యా. యాభై నాలుగు."

"వాడు యాభై నాలుగన్నడా?"

అనలేదు. 'పద్దెనిమిది పాయింట్ ఐదు నాలుగు సున్నా' అన్నారు. ఆ పాయింట్‌ను మింగేసింది నేనేనని చెప్పాను.

మామయ్య వేళ్లు మడిచారు. "గట్లయితే సగం కళ కన్న జర ఎక్కువ. ముప్పై రెండు వికళలు." రేఖాంశాన్నీ అదే తీరున సరిచేశారు. రెండు చోట్లకీ మధ్య ముప్పావు కిలోమీటరు తేడా తేలింది.

మూడుసార్లు ఫోన్ కలవలేదు. నాలుగోసారి కలిసింది. "వెనక్కి తిరగండి! ఆయన మొదటి చోటికి ముప్పావు కిలోమీటరు ఇవతలే ఉన్నారు!" అని అరిచి కొత్త అంకెలు చెప్పాను.

పొద్దు గూకి మసీదులో మగ్రిబ్ అజాన్ అవుతుండగా ఫోన్ మోగింది. "దొరికిండు వదినా," అని ఆయనకిచ్చాడు. ఆయన గొంతు పూర్తిగా పోయింది.

"వీళ్లు పిలుస్తుంటే విన్న. నేను గూడ పిలిచిన, వీళ్లకు వినబడలే. అట్లనే దూరం పోయిండ్రు. ఇగ ఎవ్వరు రారనుకున్న."

తప్పు నాదేనని అప్పుడే చెప్పాల్సింది. "ముందు ఇంటికి రండి," అన్నాను. ఎదురుగా ఉన్న మామయ్య ఆ కాగితం సంచిని మడిచి బొడ్లో దోపుకున్నారు.

కట్టు విప్పి ఏడాది దాటింది. నేనింకా చెప్పలేదు.