నిలువుగా పట్టిన తీగ

మా ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అని పిలిచేవాళ్లు. తలుపుకు గడియ పెట్టి పది అడుగులు వేసి, పెట్టానో లేదోనని వెనక్కి వచ్చేవాణ్ణి. ఇలాంటివాడు కరెంటు పనిలో చేరడం మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తేలలేదు.

అరవైల మొదట్లో నెల్లూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర వైర్‌మన్‌గా ఉండేవాణ్ణి. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే ఒక చేపల పల్లె ఉంది. ఆ ఏడే అక్కడ కరెంటు స్తంభాలు పాతారు. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. బావ వేటకు పోయేవాడు. ఇళ్లన్నీ తాటాకువి. "మా తమ్ముడొచ్చి దీపం పెడతాడు చూడండి" అని అక్క నెల ముందునుంచే ఊరంతా చాటింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

స్టోరులో అప్పుడు ఎక్కువగా ఉండేది రబ్బరు తీగ, దాని పైన నూలు అల్లిక. ప్లాస్టిక్ తొడుగు తీగ అప్పుడప్పుడే వస్తోంది, దొరకడం కష్టం. ఏ తీగ ఎంత మంటకు ఆగుతుందో చూసే పద్ధతి రాసిన పుస్తకాలు రెండు బల్ల సొరుగులో ఉండేవి. ఒకటి మనది, ఒకటి విలాయతిది. మా మేస్త్రీ ఒకదాని ప్రకారం రబ్బరు తీగ ముక్కను రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, కింద మంట చూపించి తీసేశాడు. తీగ కాస్త దూరం కాలి ఆరిపోయింది. "చూసినావా, పాసయింది" అన్నాడు. ఆ తీగ చుట్టలతోనే పల్లెలో పది ఇళ్లకు వైరింగు చేశాం. మొదటిది అక్కదే. బల్బు వెలగగానే ఆమె రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం బల్బుకో నాకో తెలియక నేను సిగ్గుపడ్డాను.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం పని లేక రెండో పుస్తకం తిరగేశాను. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో కూడబలుక్కుంటూ చదివితే, అందులో తీగను నిలువుగా వేలాడదీసి కింద మంట పెట్టమని ఉంది. సరే చూద్దామని అదే రబ్బరు తీగ ముక్కను మేకుకు వేలాడగట్టి కొవ్వొత్తి పెట్టాను. అమ్మో! కొవ్వొత్తి తీసేసినా మంట ఆగలేదు. అల్లిక పట్టుకుని సరసరా మేకుదాకా ఎక్కింది. ప్లాస్టిక్ ముక్కను కూడా అలాగే కట్టి చూశాను. కొంచెం నల్లబడి, కంపు కొట్టి, ఆరిపోయింది.

అక్క ఇంట్లో తీగ మీటరు దగ్గర మొదలై మధ్యలో కప్పు మోసే నిట్రాడ వెంబడి నిలువుగా తాటాకులోకి పోతుంది. దాన్ని అలా బిగించింది నా చేతులే.

మేస్త్రీకి చెప్తే నవ్వాడు. "కింద కొవ్వొత్తి పెట్టేదెవడబ్బా? అనుమానం పెనుభూతం. పో, పని చూసుకో."

నేను పని చూసుకోలేదు. బస్సెక్కి, ఇసకలో నడిచి పల్లెకు పోయాను. తొమ్మిది ఇళ్లవాళ్లు తీగ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "వచ్చిన ఎలుతురు తీసేస్తాడంట, ఏందీ పిచ్చి!" అని తరిమినంత పని చేశారు. నా మాట చెల్లింది అక్క ఒక్కదాని దగ్గరే. ఫ్యూజు పీకి, నిట్రాడ మీది తీగంతా లాగేశాను.

"ఊరందరికీ ఉండాది, నాకే లేకుండా చేసినావు గదరా" అంది అక్క.

"వారంలో ప్లాస్టిక్ తీగ తెస్తానక్కా. ఒట్టు."

ఆమె అటకమీది కిరసనాయిలు బుడ్డి దించి చీర కొంగుతో తుడిచింది.

వారం పోయింది, రెండు వారాలు పోయాయి, తీగ రాలేదు. రోజూ స్టోరుకు పోయి అడిగేవాణ్ణి. స్టోరతను నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేవాడు. తక్కిన తొమ్మిది ఇళ్లలో ఏ క్షణాన ఏమవుతుందోనని అన్నం సయించేది కాదు. అక్క ఇంటి గురించి మాత్రం నిశ్చింతగా ఉన్నాను. అంత అనుమానప్పక్షికి ఆ ఒక్క అనుమానం రాకపోయింది చూడండి!

నెల దాటాక ప్లాస్టిక్ తీగ చుట్ట చేతికొచ్చింది. భుజాన వేసుకుని ఆ సాయంత్రమే బయలుదేరాను. దీపాలు పెట్టే వేళకు పల్లె దగ్గరికొచ్చాను. సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది. ముందు పొగ వాసన తగిలింది, తర్వాత అరుపులు. నా తొమ్మిది ఇళ్లలో ఒకటి అంటుకుందనుకుని పరుగెత్తాను.

కాలింది అక్క ఇల్లు. బుడ్డి వెలిగించి గడప పక్కన పెట్టి నీళ్లకు పోయిందట. గాలికి బుడ్డి దొర్లి, మూలన కుప్పపోసిన వల మీద పడింది. వల నుంచి తాటాకు. లోపల మనుషులెవరూ లేకపోవడమే అదృష్టం. బావ ఇంకా నీళ్లమీదే ఉన్నాడు. చుట్టూ తొమ్మిది ఇళ్లలో బల్బులు చక్కగా వెలుగుతున్నాయి. ఆ రబ్బరు తీగలు తర్వాత ఎన్నేళ్లున్నా ఏమీ కాలేదు.

అక్క బిందె పక్కన పెట్టుకుని ఇసకలో కూర్చుంది. నేను ఆమె ముందు కూలబడి, "నేనే తగలబెట్టానక్కా" అని ఏడ్చాను.

"నువ్వేంజేసినావురా? గాలి పడేసింది" అని నా తల నిమిరింది. తర్వాత నా భుజం మీది చుట్టను వేలితో తాకి చూసింది.

"ఇది కాలదు గదా?"

"కాలదక్కా."

"మంచిది" అంది అక్క. "యాడ కడతావు మరి?"