స్పెయినావిడ రొట్టెలో చిక్కుడు గింజ

మా పక్కింటి స్పెయినావిడ పోయింది. కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజు పొద్దున, ఎనిమిదైనా వంటింటి కిటికీ తెర తియ్యలేదేమా అని నేనే కంగారుపడి, మా దగ్గరున్న తాళం చెవి ఇచ్చి కోడల్ని పంపించాను. నిద్రలోనే పోయిందట. పోవడంలో కూడా పండగ చూసుకుంది మహాతల్లి. ద్రాక్షపళ్ళ పండగ అయిపోయింది, రొట్టె పండక్కి ఇంకా మూడు రోజులుంది. మధ్యలో ఖాళీ చూసుకుని వెళ్ళిపోయింది.

మీరంతా చదువుకున్నవాళ్ళు. నేను అయిదో క్లాసు దాటలేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి రాద్దామనే కూర్చున్నాను గానీ, ఆవిడ పండగలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డెబ్భై తొమ్మిదిలో మేం ఐసెలిన్ ఊరి దగ్గర ఈ ఇంట్లోకి వచ్చేసరికి ఆవిడకి డెబ్భై ఏళ్ళు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేసి రిటైరైంది. భర్త లేడు, ఒక్క కొడుకు కాలిఫోర్నియాలో. మా అబ్బాయీ కోడలూ డ్యూటీలకి, మనవరాలు స్కూలుకి వెళ్ళిపోతే రెండిళ్ళలో మిగిలేది మేమిద్దరమే. నాకు ఇంగ్లీషు రాదు. ఆవిడ మాట్లాడేది కూడా ఇంగ్లీషు కాదని మా మనవరాలు అనేది. అయినా ఎలాగో తెలిసిపోయేది.

ఏడాదికి పన్నెండు నెలలే కదా, ఆవిడకి పండగలు మాత్రం లెక్కలేనన్ని. జనవరిలో పిల్లిని బుట్టలో పెట్టుకుని చర్చికి బయల్దేరేది. జంతువుల్ని కాచే పునీతుడి పండగట, ఫాదరు పిల్లి మీద నీళ్ళు చల్లుతాడట! మా ఊరి ప్రార్థన గుడిలోకి పిల్లి దూరితే చీపురు తీసేవాళ్ళం. భస్మ బుధవారం నాడు కాగితంతో చేపని చేసి, నల్ల ముసుగు వేసుకుని, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి ఏడ్చేది. దొంగ ఏడుపు. చేపకి భూస్థాపన! మేం బాపట్ల వాళ్ళం, మాకు చేపంటే పులుసు.

మార్చిలో అట్టబొమ్మలు చేసి తగలబెట్టేది. జూన్‌లో బాప్తిస్మమిచ్చు యోహాను పండగని పెరట్లో పుల్లలు పోగేసి మంట వేసి దాని మీంచి దూకేది. ఆ వయసులో! నేను కంచెకి ఇవతల రెండు బకెట్ల నీళ్ళు పెట్టుకుని నిలబడేదాన్ని.

"ఓసి నీ దూకుడు తగలెయ్య, తుంటి విరిగితే ఎవరు చూస్తారే?" అని తెలుగులో అరిచేదాన్ని.

నువ్వూ దూకు, పాత కష్టాలన్నీ మంటలో పడిపోతాయి అని చేతులతో చెప్పేది. కష్టాల సంగతి సరే, నా నైలెక్స్ చీర సంగతో?

డిసెంబరు ఆఖర్లో ఇంకో దిక్కుమాలిన పండగ. హేరోదు పసిపిల్లల్ని చంపించిన రోజు. మనమైతే వాక్యం చదువుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాం. వాళ్ళు ఒకరి వీపుకి ఒకరు కాగితం బొమ్మలు అంటించి నవ్వుకుంటారు. ఒకేడు నా శాలువా వెనక అంటించింది. నేను చూసుకోలేదు. ఆ బొమ్మతోనే ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ కొట్లో కందిపప్పు కొనుక్కుని, అక్కణ్ణించి తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళి, సాక్ష్యం కూడా చెప్పి వచ్చాను. ఒక్క సహోదరీ నోరు విప్పలేదు. మన వాళ్ళ ప్రేమలు కూడా ఆపాటివే.

వంటింటి గోడ మీద గడియారం ఆరు గంటలు ముందుకి తిప్పి పెట్టుకుంది. అది స్పెయిన్ టైము. డిసెంబరు ముప్ఫై ఒకటి సాయంత్రం మనకి ఆరు కొడితే అక్కడ కొత్త సంవత్సరం. గరిటెతో మూకుడు మీద పన్నెండు దెబ్బలు కొట్టేది, దెబ్బకో ద్రాక్షపండు మింగాలి. గొంతుకి అడ్డం పడితే? నేను ఇంటి దగ్గరే గింజలు తీసి, తోలు కూడా ఒలిచి పట్టుకెళ్ళేదాన్ని. అవి చూసి పడీ పడీ నవ్వేది. "గబగబా మింగితేనే అదృష్టం. మెల్లిగా తింటే ఉత్త ద్రాక్షపళ్ళు" అనేది. దగ్గొచ్చేదాకా మింగేది.

ఇక ఆ రొట్టె. తూర్పు జ్ఞానులు బాలయేసుని చూడొచ్చిన రోజని, జనవరి ఆరున గాజులా గుండ్రంగా తీపి రొట్టె చేసేది. మొదటేడు మా నలుగుర్నీ పిలిచింది. నా పంటికింద రాయి తగిలింది.

"పిండి జల్లించుకోవడం కూడా రాదూ ఈవిడకి!" అని అరచేతిలోకి ఉమ్మాను.

"నాయనమ్మా, అది స్టోన్ కాదు, బీన్!" అని మనవరాలు గంతులేసింది. "ఆంటీ కావాలనే పెట్టింది. బీన్ ఎవరికి వస్తే వాళ్ళే నెక్స్ట్ ఇయర్ బ్రెడ్ చెయ్యాలి."

కొత్తమనిషినని ఆ ఏటికి నన్ను వదిలేసింది. కిందటేడు మళ్ళీ నాకే వచ్చింది. ఈసారి నాకు తెలుసు. నాలుకతో బుగ్గలోకి తోసి, మూతి తుడుచుకుంటున్నట్టు చేతిరుమాల్లోకి దించేశాను. అవెన్ అంటే నాకు భయం, భగ్గుమంటుందని. రొట్టె చెడితే నవ్వుతారని భయం. ఆర్‌సీఎం కేథలిక్కుల పండక్కి రొట్టె చేసిందని మన సంఘంలో తెలిస్తే ఏమంటారోనని ఇంకో భయం. అందరూ ముక్కలు చిదిపి గింజ కోసం వెతికారు. ఆవిడ వెతకలేదు. నా మొహంలోకి చూసి, "గింజకేం తొందర లేదులే" అంది.

ఏడాది పొడుగునా ఆ గింజ నా బైబిలు సంచిలో ఉంది. పారేద్దామంటే చెయ్యి రాలేదు, చెబుదామంటే నోరు రాలేదు.

మొన్న ముప్ఫై ఒకటిన వెళ్తే కుర్చీలోంచి లేవలేదు. మూకుడు నా చేతికిచ్చి కొట్టమంది. ఒలిచిన పళ్ళు నాలుగు మింగి చాలంది. వేలితో నా భుజం మీద పొడిచి, "ఆరో తారీఖు రొట్టె నీదే కదా?" అంది.

అంత ఇంగ్లీషు నాకొచ్చు. వచ్చి కూడా, "నో ఇంగ్లీష్" అన్నాను.

నవ్వింది. నా చెయ్యి పట్టుకుని ఇంకా నవ్వింది. అదే ఆఖరు.

కాలిఫోర్నియా నుంచి ఆవిడ కొడుకు దిగాడు. అయిదో తారీఖుకల్లా భూస్థాపన అంతా ముగించి, ఈ ఏటికని చేసి పెట్టుకున్న కాగితం చేపా అట్టబొమ్మలూ, ఆ నల్ల ముసుగూ చెత్త సంచుల్లో మూటగట్టి రోడ్డు పక్కన పెట్టాడు. "మా అమ్మకి ఈ చిన్న చిన్న పార్టీలంటే సరదా" అన్నాడట మా అబ్బాయితో. పార్టీలట! ఆవిడ పండగల్ని తిట్టే హక్కు నాది. బకెట్లు మోసినదాన్ని నేను. ఒక్క పండక్కైనా వచ్చాడా వాడు?

మర్నాడు కోడల్ని పిలిచి, "అవెన్ వెలిగించు, రొట్టె చేస్తాను" అన్నాను.

"మీరా అత్తయ్యా?"

"నేనే. నువ్వు దూరంగా నుంచో. వద్దు, దగ్గర్లోనే నుంచో."

గాజులా రావలసింది గేదెకొమ్ములా వచ్చింది. ఒక పక్క మాడింది. ఏడాది దాచిన గింజ అందులోనే ఉంది, ఎక్కడుందో నాకూ తెలీదు. అయిదు ముక్కలు కోశాను. మనవరాలు లెక్కపెట్టి, "ఆంటీ లేదుగా నాయనమ్మా" అంది.

"లేకపోతే? ముక్క ముక్కే" అన్నాను.

నలుగురం తిన్నాం. పళ్ళు జాగ్రత్త, పళ్ళు జాగ్రత్త అని నేను అంటూనే ఉన్నాను. ఎవరికీ ఏమీ తగల్లేదు.

అయిదో ముక్క నేను చిదిపి చూడలేదు. మా వంటింటి కిటికీలో చిన్న ప్లేటులో ఉంది. నెల కావస్తోంది, రాయిలా ఎండింది. చీమలు పడతాయేమో, ఎలకొస్తుందేమోనని రోజుకి నాలుగుసార్లు చూస్తున్నాను. వచ్చే ఏడు రొట్టె ఆవిడ వంతు. ఎలా ఎగ్గొడుతుందో చూస్తాను. ఎదురుగా ఆవిడ వంటింట్లో అన్నీ తీసేసిన గోడ మీద కొడుకు మర్చిపోయిన గడియారం ఒక్కటే ఉంది. ఇంకా ఆరు గంటలు ముందే నడుస్తోంది.