గట్టు పోయిన చేను

ఉదయం ఆరున్నరకు అనంతపురంలో బస్సెక్కాను. చర్చి ఫాదర్లు కాబోయే కుర్రాళ్లకు మధ్యయుగాల క్రైస్తవ తత్వశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఆనాటి పండితులు హద్దు లేకపోవడం రెండు రకాలన్నారు. దేవునికి హద్దు లేదు, హద్దన్నదే ఆయనకు పొసగదు కనుక. రూపం పట్టని పదార్థానికీ హద్దు లేదు, కానీ దానికి హద్దు ఉండవలసింది, లేకపోయింది. మొదటిది అనంతం. రెండోది లోటు. ఈ రెండోదే ఎంత చెప్పినా కుర్రాళ్ల బుర్రకెక్కడం లేదు. పొలాల హద్దులు చెరిపి కట్టిన పావగడ సోలార్ పార్కు ఉదాహరణకు పనికొస్తుందేమోనని బయల్దేరాను.

కళ్యాణదుర్గంలో ఉగ్గాని, బజ్జి తిని బస్సు మారాను. బజ్జి చల్లారిపోయింది, నా ఖర్మ! పావగడలో, పార్కు పక్కనున్న రాయచెర్లుకు షేర్ ఆటో ఎక్కితే, పక్క సీట్లో బంతిపూల సంచితో ఒక పెద్దామె. పేరు లక్ష్మక్క.

"ఏం పని మింద వస్తాండావు సారూ?"

"అనంతం గురించి పాఠం చెప్పాలమ్మా, అందుకు."

"అనంతపురం గురించి చెప్పేదానికి ఈడికెందుకొస్తివప్పా?"

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రోజు ఆమె భర్త పోయిన తిథి. ఆయన్ని సొంత చేలోనే పూడ్చిపెట్టారు. "గెనిమ పక్కనే గదా, యాడికి పోతాది అని రాయి గూడా నాటలేదు సారూ" అంది. తర్వాత చేను పార్కుకు లీజుకిచ్చారు. ఆమె గెనిమలన్న గట్లన్నీ చదునైపోయాయి. ఇన్నేళ్లూ కంచె బయటే దండం పెట్టుకుంది. ఈసారి కావలి మనిషి లోపలికి వదులుతానన్నాడట.

మాటిచ్చినట్టే అతను గేటు తీశాడు. నేనూ వెంట వెళ్లాను. ఎటు చూసినా ప్యానెళ్లే, కింద ఎర్రమట్టి. లక్ష్మక్క వరుసల మధ్య నడిచింది, ఆగింది, వెనక్కొచ్చింది. "ఈడే తూరుపు గెనిమ... కాదు, ఆడ." ఎండకు నా తల పగిలిపోతోంది. అయినా పోదామనడానికి నోరు రాలేదు. చివరికి ఆమె పూలన్నీ ఒకచోట పెట్టలేక, నడిచినంత మేరా చల్లుకుంటూ వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి. అక్కడ నీడ దొరకదు.

తిరుగు ఆటోలో ఆమే అడిగింది, నా పాఠం ఏందని. రెండు రకాలూ వివరంగా చెప్పాను. ఆమె పావగడ బస్టాండులో దిగి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"దేవునికి హద్దు లేకుంటే పోనీలే సారూ," అంది. "మా ఆయనకు ఉండాల."