దుర్గారావు అక్క

ఆగిరిపల్లి మామిడి యార్డులో కాయలు ఏరే కోటేశ్వరమ్మ ఫోను ఎప్పుడూ ఎదురుగా గంపకు ఆనించి ఉంటుంది. బంగినపల్లి కాయను అరచేతిలో తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలితో తడిమి, సొన అంటిన వేళ్లు చెంగుకు తుడుచుకుని, మడిచిన వేలి కణుపుతో తెర మీద స్కోర్లు జరుపుతుంది. ఆమె తమ్ముడు దుర్గారావు హైదరాబాదులో గోల్ఫ్ ఆటగాళ్ల సంచులు మోస్తూ ఆట నేర్చుకుని, ఇప్పుడు తనే ప్రొఫెషనల్‌గా పోటీల్లో ఆడుతున్నాడు. అతని పేరు పక్కన మైనస్ ఆరు కనిపిస్తే, మొదట్లో పక్కన కూర్చున్న భవాని "అయ్యో పాపం" అనేది. "గోల్ఫులో ఎంత తక్కువొస్తే అంత గొప్పే. మైనస్ అంటే మంచిదే" అని కోటేశ్వరమ్మ ఓపిగ్గా చెప్పి చెప్పి, యార్డు మొత్తం మైనస్ కోసమే దండం పెట్టుకునేలా చేసింది.

మొన్న దేశం తరఫున ఆడే జట్టును ప్రకటించినప్పుడు అందులో దుర్గారావు పేరు రాలేదు. ఆ రోజంతా ఆమె ఫోను బోర్లించి కాయలు ఏరింది. వారం తిరక్కముందే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నన్ను టీములోకి తీసుకున్నారు."

స్పీకర్లో విన్నవాళ్లు ఈలలు వేశారు. ఆమె మాత్రం చేతిలో కాయ పక్కన పెట్టి అడిగింది. "ఎవర్ని తీసేశార్రా?"

"తీసెయ్యలేదక్కా. మా సీనియర్‌కి మోకాలు బాలేదు. ఆయనే తప్పుకుని, నన్ను తీసుకోమని కెప్టెన్‌కి చెప్పాడంట."

అప్పుడు విప్పారింది ఆమె మొహం. గడ్డిలో మగ్గుతున్న చిన్నరసాల గంపను ముందుకు లాక్కుంది.

"ఆయన అడ్రసు పంపు. ముందు ఆయనకి. తర్వాతే నీకు."